ముప్పయ్యో పేజీ

ప్రపంచంలోని పిల్లల పుస్తకాలన్నీ ఇప్పుడు ఒకే ఉచిత గ్రంథాలయంలో ఉన్నాయి. ఏ దేశపు పిల్లలు తెరిచినా వాళ్ల భాషలోనే కనిపిస్తాయి. దాని బొబ్బిలి కేంద్రంలో కూర్చుని, పాత పుస్తకాలను యంత్రం ముందు ఒక్కో పేజీ తిప్పడం నా పని. మరకలు, పిచ్చిగీతలు, పిల్లల రాతలు అన్నీ యంత్రమే తుడిచేస్తుంది.

మొన్న నేను చిన్నప్పుడు చదివిన బడి ముద్రతో, సవర గిరిజనుల కథల పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో పెన్సిలుతో రాసి ఉంది: “నా పేరు కావాలంటే పన్నెండో పేజీ చూడు.” పన్నెండో పేజీలో, “ముప్పయ్యో పేజీ చూడు.” అక్కడ, “ఇంత దూరం వచ్చావా గాడిదా! చెప్పను పో.”

ఆ వంకర అక్షరాలు నాకు తెలుసు. అయిదో తరగతిలో నా పక్కన కూర్చున్న పిల్ల రాసినవి. ఆ ఏడే జ్వరంతో పోయింది. తుడిచే మీట ఆపేశాను.

“ఏటి పిన్నీ, రాతలన్నీ అలాగే ఉంచీసినావు? పేజీ శుభ్రంగా ఉండాల కదా!” అన్నాడు సూపర్‌వైజరు యాకూబు.

“ఉండనీరా. అదీ కథే.”

వాడు గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

నెల తర్వాత మంగోలియా నుంచి ఒక పాప మా కేంద్రానికి ఉత్తరం రాసింది. “ముప్పయ్యో పేజీ దాకా వెళ్లి నేను గాడిదనయ్యాను. మా తరగతిలో అందరినీ గాడిదల్ని చేశాను. ఇంతకీ అది రాసినవాళ్ల పేరేమిటి?”

పన్నెండో పేజీ చూడమని రాయబోయాను. మనసొప్పలేదు. యాభై ఏళ్లుగా ఎవరూ అడగని ఆ పేరు టైపు చేశాను: అప్పలకొండ.