వేలు పడని చోటు

“పేజీ అదిరిపోయింది మేడమ్. ఆ ఒక్క ముఖమే బాలేదు,” అంది ఫోన్‌లో కస్టమర్.

కస్టమర్ ఓ ఇంటి చిన్నకోడలు. మామగారి డెబ్బయ్యో పుట్టినరోజుకు ఆమె కోరింది ఇదీ: పాత కుటుంబం ఫోటోను, ఐదొందల ఏళ్ల నాటి చేతిరాత గ్రంథంలోంచి ఊడివచ్చిన పేజీలా మార్చాలి. బంగారు అంచు, చుట్టూ తీగలు, మధ్యలో నీలం అంగీల్లో ఇంటిల్లిపాదీ.

చిత్రకారిణికి చెయ్యి తిరిగిన పనే. ముందు కళ్లు పోయేలా గీయడం, తర్వాత చేజేతులా పాడుచేయడం. కొవ్వొత్తి పొగ, చెమ్మ మరక, పురుగు తిన్న రంధ్రం, అన్నీ కంప్యూటర్ మీదే. ఒక్క పురుగునూ పెంచకుండా ఇరవై ఏళ్లుగా పురుగుల మీదే బతుకుతోంది.

పాడుచేయడానికీ ఓ పద్ధతుంది. అందుకే మొదటి రోజే అడిగింది.

“మీ మామగారు ఈ ఫోటోలో ఎవరిని ఎక్కువగా తడుముతారమ్మా? పాత పుస్తకాల్లో ప్రేమగా ముట్టుకున్న ముఖాలే ముందు అరిగిపోతాయి.”

“కొడుకులిద్దరినీ. ఇక అత్తయ్య పోయాక ఆవిడ మీంచి వేలు తీస్తేగా!”

“ఆవిడ పోయారా?”

“మూడేళ్లయింది మేడమ్.”

కంప్యూటర్ మొరాయిస్తోందని చెప్పి ఆ పూటకి ఫోన్ పెట్టేసింది చిత్రకారిణి. మర్నాడు తనే ఫోన్ చేసింది.

“చివర్న రెండు జడల పిల్ల సంగతి?”

“మా ఆడపడుచట. నా పెళ్లికి ఎంతో ముందే చనిపోయింది. అటు వైపు ఆయన చెయ్యి పోగా నేను చూడలేదు.”

ఆ లెక్క ప్రకారమే చేసింది. తల్లి ముఖం దాదాపు చెరిగిపోయింది. కొడుకుల బుగ్గల మీద రంగు రాలింది. ఎవరూ తాకని ఆ పిల్ల మాత్రం నిన్న గీసినట్టు నిగనిగలాడుతోంది. వచ్చిన చిక్కల్లా అదే.

“చూపంతా అక్కడికే పోతోంది మేడమ్. పుట్టినరోజు పూట పోయిన కూతురు గుర్తొస్తే ఆయన మనసు పాడవుతుంది. అక్కడో పురుగు రంధ్రం పెట్టెయ్యండి.”

చిత్రకారిణి కస్టమర్లతో వాదించే మనిషి కాదు. ఈసారి మాత్రం పంతం పట్టింది. ఆ ముఖం ఆ ముసలాయన గోడ మీదికి ఎక్కాల్సిందే.

“ఉండనివ్వమ్మా. ఒక్కసారి ఆయన్ని చూడనీ. నచ్చకపోతే అప్పుడు తీసేస్తాను.”

“వద్దు మేడమ్. ఆ ఊసెత్తితేనే లేచి వెళ్లిపోతారు.”

“ఏమొచ్చి పోయిందట?”

“విషజ్వరమట. మూడ్రోజుల్లోనే. మామయ్యగారే చెప్పారు.”

చిత్రకారిణి కంప్యూటర్ పెన్ను తీసుకుంది. నుదుటి దగ్గర మొదలుపెట్టి గడ్డం దాకా తొలిచేసింది. అంచులు కాస్త గరుగ్గా వదిలింది, నిజం పురుగైతే అలాగే తింటుందని.

“ఇప్పుడు బావుంది!” అంది కోడలు.

‘ఈ గడప దాటితే నువ్వు నాకు చచ్చినట్టే’ అన్న నాన్న, మాట మీద నిలబడే మనిషేనని చిత్రకారిణికి ముందే తెలుసు గానీ, దానికి ఓ జ్వరం కూడా తగిలించాడని తెలిసింది ఈ రోజే.