వేలు పెట్టి చదివే లచ్చవ్వ

తప్పులుంటే దిద్దుకొని చదవండి. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, ఈ ఒక్క పేజీకే నాకు నాలుగు రోజులు పట్టింది.

ఇళ్ల తలుపులన్నీ తెరను తాకితేనే తెరుచుకునే రోజులవి. తాళాల కంపెనీ నడిపే, ఆ తెరలను గీయడం నేర్పే కేంద్రంలో మంజులకు చివరి పరీక్ష. కొత్తగా చదువు నేర్చిన మనిషిని ఇంటి నుంచి తెచ్చి, తాము గీసిన తెరను చదివించి చూపడం అక్కడి పద్ధతి. మంజుల తన నాయనమ్మ లచ్చవ్వను తీసుకుపోయింది.

"మీ ఇంటి తాళం కంపెనీకి అప్పగిస్తారా?" అని తెర మీద ఉంది. కింద సరే, వద్దు అని రెండు గడులు. లచ్చవ్వ ఒక్కో అక్షరం కింద వేలు జరుపుతూ చదివింది. వేలు 'సరే' కిందికి రాగానే తెర పచ్చబడింది.

"నేనింక చదువుతనే ఉన్న గదనే! గప్పుడే అయిపాయెనా?" అంది లచ్చవ్వ.

మంజుల కంగారుపడి శిక్షకుడి వైపు తిరిగింది. "తప్పు నాదే సార్. చదివే వేలు తగిలినా ఒప్పుకున్నట్టే పడుతుంది. దిద్దుత."

"దిద్దుతవా? పిచ్చిదానా, మేం మూడేండ్ల సంది దీనికోసమే చూస్తున్నం. 'సరే'ను ఇంకింత పెద్దగ చెయ్యి. కొలువు నీదే."

ఇంట్లో సంపాదించేవాళ్లెవరూ లేరు. మంజుల పెద్దగా చేసింది.

నెల తిరగకముందే ఊళ్లోని తలుపులన్నిటి మీదికి ఆ తెర వచ్చింది. ఆ రోజు మంజుల పని నుంచి వచ్చేసరికి లచ్చవ్వ గడప ముందు నిలబడి చదువుతోంది.

"అవ్వా, వేలు తియ్యి!"

"వేలు పెట్టకుంట చదువుడెట్లనే బిడ్డా?"

తెర పచ్చబడింది. లోపల తాళం దానంతట అదే పడింది.

గుండారపు రాజవ్వ, అరవై ఎనిమిదేండ్లు, సిరిసిల్ల.