పేరు చెక్కిన గ్లాసు

అత్త ఐలవ్వ మళ్ళీ వంటింటి తలుపు మూసింది. లోపల పసివాడు గుక్కపట్టాడు. గడియ చప్పుడుకి మంచం మీద భాగ్య తల తిప్పి చూసింది.

మెదక్ దవాఖాన నుంచి ఇంటికొచ్చి ఇరవై రోజులు. నెల ముందే పుట్టిన పిల్లాడు. రొమ్ము పట్టి చీకే బలం లేదు. పిండితే వచ్చిన పాలు చూసి భాగ్య తనే తేల్చేసుకుంది: ఇవి పాలు కావు, నీళ్ళు. పక్క వాటా పెంటమ్మ అవునంది. మొగుడు ఉరుక్కుంటూ పోయి పాలడబ్బా తెచ్చాడు.

"నా పాలు తాపితే వాడు సస్తడు అత్తమ్మా. డబ్బా పాలే పట్టు. నా మీద ఒట్టు."

 ఐలవ్వ డబ్బా చంకన పెట్టుకుని వంటింట్లోకి పోయింది. తలుపు మూయడం ఆ రోజే మొదలు.

సలపరం పుట్టినప్పుడల్లా భాగ్య పాలు పిండేస్తుంది. పుట్టింటివాళ్ళు ఆమె పేరు చెక్కించి ఇచ్చిన స్టీలు గ్లాసులోకి. బాలింత పాలు నలుగురూ తొక్కే చోట పడకూడదు, పెరటి జామచెట్టు మొదట్లో పోయాలి. గ్లాసు తీసుకుపోయేది ఐలవ్వే. పోయే ముందు వెలుతురుకి ఎత్తి చూస్తుంది.

"ఇయ్యాల మస్తుగొచ్చినయి" అని తనలో తనే నవ్వుకుంటుంది.

పారబోసే పాలకు అంత సంబరమెందుకు? అడిగితే కసిరింది. "బాలింతవు, మూసుకొని తిను." పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూర్చుని కదల్లేదు.

పెంటమ్మ ఊరుకుంటుందా.

"జామచెట్టు మొదలు చూసినవా చెల్లె? బూడిదోలె ఎండింది. సుక్క తడి లేదు."

"మరి పాలేం చేస్తున్నట్టక్కా?"

"బాలింత పాలు బాణామతికి, చేతబడికి దాస్తరంట. నేననలే, లోకమంటది."

ఆ పొద్దున ఆశా వర్కర్ రబియా వచ్చి పిల్లాణ్ణి తూచింది. "అర కిలో పెరిగిండు. ఏం పడుతున్నరు?"

"డబ్బా పాలు" అంది భాగ్య తల వంచుకుని. "నావి పనికి రావు."

"ఎవరు జెప్పిండ్రు పనికి రావని?" అని రబియా మీదికి వచ్చింది. ఐలవ్వ పిల్లాణ్ణి ఎత్తుకుని లోపలికి పోయింది. గడియ పడింది.

రబియా పోయాక పెంటమ్మ గుమ్మంలో నిలబడింది. "మా మనుమనికి ఒక్క డబ్బా వారం రాలే. మీకు ఇరవై రోజులెట్లొచ్చింది? అండ్ల ఏం కలుపుతుందో చూస్కో జర."

 భాగ్య గోడ పట్టుకుని లేచింది. తలుపును భుజంతో తోసింది. పాత గడియ ఊడి పడింది.

పొయ్యి ముందు ఐలవ్వ. ఒళ్ళో పిల్లాడు. వేడినీళ్ళ గిన్నెలో గ్లాసు. గ్లాసు మీద తన పేరు. ఐలవ్వ అందులో చెంచా ముంచి పిల్లాడి నోట్లో పోస్తోంది.

"నా పాలతోని ఏం జేస్తున్నవే ముసల్దానా?"

ఐలవ్వ చెయ్యి ఆగలేదు. తల కూడా ఎత్తలేదు. గడ్డంతో గూటి వైపు చూపించింది.

"గా డబ్బా తీసి చూడు. చూసినంక తిట్టు."

భాగ్య డబ్బా అందుకుంది. బరువుగా ఉంది. మూత లాగింది.

ఇరవై రోజులుగా తన కొడుకును బతికిస్తోందనుకున్న ఆ డబ్బాకి లోపలి సీలు ఇంకా చింపనే లేదు.