నాలుగో అద్దం

బొగ్గుపొయ్యి తలుపుకి వేసిన మూడో అద్దం కూడా పగిలేసరికి రజియాకి మరిది నుస్రెత్ మీద అనుమానం పుట్టింది. అద్దాలు వేసేది అతనే. వేడికి అద్దం సాగాలని స్క్రూలు కాస్త వదులుగా ఉంచేవాడు. తెల్లారేసరికి అవి గట్టిగా బిగిసి, అద్దం పగిలి ఉండేది.

అలా బిగించే అలవాటు ఆమె భర్త ఎనెస్‌ది. స్క్రూని ఒక చుట్టు తిప్పి, ఆగి, దగ్గి, మళ్ళీ తిప్పేవాడు. కిందటి చలికాలం గనిలోకి దిగినవాడు తిరిగి రాలేదు.

ఆ సాయంత్రం నాలుగో అద్దం వేశాక ఆమె నుస్రెత్‌ని కదలనివ్వలేదు.

"ఈ రాత్రి నా కళ్ళ ముందే కూర్చో."

"నన్ను దొంగని చేస్తావేంటి వదినా? స్క్రూలు తలుపుకి లోపలివైపు ఉన్నాయి. మంటలో చెయ్యి ఎవడు పెడతాడు?"

"చల్లారాక పెట్టొచ్చుగా."

అతను నవ్వి కాఫీ పోసుకున్నాడు. ఆమె ఇంకో పారెడు బొగ్గు వేసి పొయ్యి తలుపు గడియ పెట్టింది. అద్దం వెనక మంట ఎర్రగా లేచింది. బయట మంచు చప్పుడు లేకుండా కురుస్తోంది.

కాసేపటికి తలుపు లోపల కిర్రుమంది.

నుస్రెత్ రెండు చేతులూ కప్పు చుట్టూనే ఉన్నాయి.

"ఇనుము వేడెక్కితే అంతే వదినా," అన్నాడు. నవ్వు మాత్రం ఆగిపోయింది.

మళ్ళీ కిర్రుమంది. ఈసారి నిదానంగా, ఒక చుట్టు పూర్తయ్యేదాకా సాగి ఆగింది.

ఇద్దరూ ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత రావలసిన దగ్గు కోసం చెవులు రిక్కించారు.