బ్యాటరీ దొంగ

"ఇంకా పదిహేను నిమిషాలే ఉన్నాయి."

మైకులో మాట వినగానే చియావ్ లిన్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

గోడ గడియారం నాలుగూ ఇరవై ఐదే చూపిస్తోంది. పరీక్ష ఐదింటిదాకా కదా, ఇంకా ముప్పై ఐదు నిమిషాలుండాలి!

పీజీ ప్రవేశపరీక్ష, ఇంగ్లిష్ పేపరు. ఆమెకిది మూడోసారి. ఉత్తరం, వ్యాసం రెండూ మిగిలాయి. ముప్పై మార్కులు. వాటికి చివరి ముప్పై ఐదు నిమిషాలు అట్టేపెట్టుకోవాలని ఏడాదంతా సాధన చేసింది. చేతిగడియారాలు లోపలికి రానివ్వరు గనక నమ్మకమంతా ఆ గోడ మీదే పెట్టుకుంది.

గడియారం కింద కాగితం అంటించి ఉంది: "సూచన కోసం మాత్రమే."

"మేడమ్, గడియారం తప్పు!"

"కూర్చో. మైకులో చెప్పిందే టైము," అంది గది ఇన్విజిలేటర్ యాన్ మేడమ్.

లిన్‌కు చప్పున ఆ ముసలాడు గుర్తొచ్చాడు.

మధ్యాహ్నం, ఇంకా పేపరివ్వలేదు. వెలిసిపోయిన నీలం కోటు, భుజాన గలగలలాడే గుడ్డసంచి. కుర్చీ ఎక్కి గడియారంలోంచి బ్యాటరీ పీకుతున్నాడు.

"ఏయ్ తాతా! చెత్తకుండీలు ఖాళీ అయిపోయాయా, గోడల మీద పడ్డావ్?" అంది లిన్.

గది గొల్లుమంది.

"అది కాదు తల్లీ, ముల్లు తడబడుతోంది..."

"ముందు నీ నాలుక తడబడుతోంది. దిగు!"

అతను రెండో చెయ్యి జేబులో పెట్టబోయాడు.

"చూశారా మేడమ్, దాచేస్తున్నాడు!"

లిన్ అతని పిడికిలి విప్పి బ్యాటరీ లాక్కుంది.

"బ్యాడ్జీ ఏది?" అంది యాన్ మేడమ్.

బ్యాడ్జీ లేదు. మేడమ్ తలుపు చూపించింది.

"అమ్మాయీ, ఒక్క మాట విను..."

"సంచి దులిపించమంటావా తాతా?"

తలుపు మూసుకుంది. లిన్ కుర్చీ ఎక్కి బ్యాటరీని తన చేత్తోనే గడియారంలో నొక్కింది. గదంతా చప్పట్లు. అప్పుడు టైము సరిగ్గానే ఉంది.

ఐదింటి గంట మోగింది. ఉత్తరం సగమే అయింది. వ్యాసం రెండు వాక్యాల దగ్గరే ఆగింది. మూడో ఏడూ మట్టిలో కలిసింది.

"ఆ దొంగే కెలికి పాడుచేశాడు!" లిన్ అరిచింది. "రిజిస్టరులో వాడి పేరు రాయండి మేడమ్!"

పేపర్లు తీసుకోవడానికి వచ్చిన పరీక్షాకేంద్రం అధికారి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మాస్టారూ, మీరింకా ఇక్కడేనా? ఈ చలిలో?"

వరండాలో ముసలాయన నిలబడి ఉన్నాడు. మూడు గంటలుగా అక్కడే. చేతిలో కవరు విప్పని కొత్త బ్యాటరీ. కాళ్ల దగ్గర సంచి తెరుచుకుని ఉంది. దాని నిండా అరిగిపోయిన బ్యాటరీలు.

అధికారి విషయం కనుక్కున్నాడు. యాన్ మేడమ్ వంచిన తల ఎత్తకుండా రిజిస్టరు రాసింది.

"నేరం ఎవరిదో తేలాల్సిందే, పైకి చదవండి!" అంది లిన్.

యాన్ మేడమ్ చదివింది. "ఈ గది గడియారం ఇరవై నిమిషాలు వెనకబడింది. కారణం, రిటైరయ్యాక కూడా ఏటా పరీక్షరోజున గదిగదికీ తిరిగి గడియారాలు సరిచేసే ఫాన్ మాస్టారు తీసేసిన అరిగిపోయిన బ్యాటరీని లాక్కుని, మళ్లీ దాన్నే పెట్టడం. పెట్టినవారి పేరు, చియావ్ లిన్."