గోడ అవతలి ఆట

"కాల్చమను, కాల్చమను! ఆ ఈల వినపడిందంటే వెనక నుంచి వస్తున్నాయన్నమాట!" గోడ అవతలి నుంచి తష్టాన్ అరిచాడు.

"అయ్యో, మీరు లేవకండి! మళ్ళీ రక్తపోటు పెరుగుతుంది," అని బురుల్ ఇవతలి నుంచి భర్తకి కేకేసింది. "వాడి మానాన వాడు ఆడుకుంటున్నాడుగా."

"అదీ ఒక ఆటేనా? వేళ్ళకి రొట్టెపిండి అంటుకున్నట్టు ఆడుతున్నాడు. జలుబు బుర్రకెక్కిందా ఏం?"

తెర మీది ఓడ ఢామ్మని పేలిపోయింది. బురుల్ జాయ్‌స్టిక్ ఒళ్ళో పెట్టుకుని ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. ఆ గదిలో ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

అది కొడుకు మిర్లాన్ నారిన్ ఊరి బజారులో చవగ్గా కొనుక్కొచ్చిన ఆట. ఎడమ బొటనవేలి కింది పుల్ల కదలడానికి, కుడి బొటనవేలి కింది పుల్ల కాల్చడానికి. నల్లటి తెర మీద ఒక చిన్న ఓడ, నాలుగు వైపుల నుంచీ పురుగుల్లా మీదపడే శత్రువులు. కథా లేదు, మాటలూ లేవు. మూడంటే మూడే స్టేజీలు, మొత్తానికి ఒకటే సంగీతం.

"ఇందులో ఏముందిరా?" అని ఆమె విసుక్కుంటే మిర్లాన్ నవ్వేవాడు. "ఏమీ లేదమ్మా, అదే హాయి. రెండు చేతులకీ పనే. బుర్రలోకి ఇంకేదీ దూరదు. నీలాంటి భయస్తులకి మంచి మందు, పట్టు!"

ఆమె భయాలు వీధి మొత్తానికీ తెలుసు. బొగ్గుల పొయ్యి చూస్తే పొగ కమ్ముతుందని భయం, మంచు పట్టిన మెట్లు చూస్తే కాలు జారుతుందని భయం. మిర్లాన్ వ్యాను కనుమ దాటేదాకా ఫోను మీద ఫోను చేసేది. భర్తకి పక్షవాతం వచ్చి బిష్కెక్ ఆసుపత్రిలో పడ్డ రోజు మాత్రం చేయలేదు. ఆ ఒక్కరోజూ ఆమె భయమంతా భర్త మీదే ఉంది. ఆ రోజే కనుమ దగ్గర మంచులో వ్యాను లోయలోకి జారింది.

ఊళ్ళో ఉన్న బావగారు కెరిమ్ తన ఇంటి ముందు గుడారం వేసి, అక్కడి నుంచే మిర్లాన్ శవాన్ని సాగనంపాడు. తండ్రికి ఇప్పుడే చెప్పొద్దని డాక్టరు అన్నాడు. కొడుక్కి జలుబు చేసిందని, దగ్గరికి వస్తే మీకూ అంటుకుంటుందని బురుల్ భర్తకి చెప్పింది. ఆయన ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా 'వాణ్ణి పిలువు' అనలేదు. దేవుడు తన మీద చూపిన దయ అదొక్కటే అనుకుంది. సాయంత్రమయ్యేసరికి ఆయన అడిగేది ఒక్కటే: "ఏం, ఇవాళ ఆట లేదా?"

మర్నాడు మధ్యాహ్నం కెరిమ్ వచ్చాడు. లోపలికి రాకుండా వసారాలోనే నిలబడ్డాడు.

"రేపు పొద్దున పెద్దవాళ్ళం నలుగురం వస్తున్నాం, అమ్మా."

"వద్దు బావగారూ! ఆయన గుండె ఆగిపోతుంది!"

"తండ్రికి తెలియకుండా పిల్లవాడి నలభయ్యోరోజు భోజనాలు ఎట్లా పెడతాం? ఊరు నవ్వదూ? నేరుగా చెబుతామా ఏం? టీ తాగి, మన ఆచారం ప్రకారం ఎగిరిపోయిన డేగ సంగతి ఎత్తి, మెల్లగా చావు కబురులోకి దించుతాం. తష్టాన్ కూడా నాతో పాటు ఎన్ని గడపలెక్కి చెప్పలేదు ఇట్లాంటి కబుర్లు? గుండె గట్టివాడే."

"ఇంకొక్క వారం..."

"నీ సంగతి చూసుకున్నావా? కన్నతల్లివి. మన ఆడవాళ్ళ ఆనవాయితీ ప్రకారం గోడ వైపు తిరిగి గొంతెత్తి ఏడవనైనా ఏడవలేదు. రాయివైపోతావే తల్లీ!"

రాత్రిళ్ళు ఆమె దిండు నోట్లో కుక్కుకుని ఏడుస్తోందని ఆయనకేం తెలుసు? ఆ ఇంటి గోడలు పల్చనివి. కెరిమ్ వెళ్ళాక తలకి కట్టుకున్న సంతాపపు నల్లగుడ్డ విప్పి కోటు చేతిలో దోపింది. లోపలికి వచ్చి కోటుని మేకుకి తగిలించింది. ఆ మేకు సరిగ్గా తష్టాన్ మంచానికి ఎదురుగానే ఉంది. దాన్ని వేరే చోట కొట్టించాలని రోజూ అనుకుంటుంది, రోజూ మర్చిపోతుంది.

"ఏం, ఇవాళ ఆట లేదా?" మంచం మీది నుంచి తష్టాన్ అడిగాడు.

"వాడికి ఒంట్లో బాగాలేదండీ."

"ఒక్క ఆట ఆడమను. వింటూ పడుకుంటాను."

బురుల్ తలుపేసుకుని జాయ్‌స్టిక్ పట్టుకుంది. ఎన్నడూ లేనిది, మొదటి స్టేజీ దాటింది. రెండోదీ దాటింది. గోడ అవతలి నుంచి "శభాష్! అట్లా ఆడాలి!" అని వినపడింది. మూడోది కూడా అయిపోయింది. ఊపిరి బిగబట్టి చూసింది. చివర ఏదో ఒకటి ఉంటుందనుకుంది, ఏమిటో ఆమెకీ తెలియదు.

ఏమీ లేదు. తెర ఒక్కసారి మినుకుమని మళ్ళీ మొదటి స్టేజీయే వచ్చింది. అదే నలుపు, అవే పురుగులు, కాస్త వేగంగా.

ఆమె టీవీ కట్టేసింది. మొహం కడుక్కుని, పాలు పోసిన టీ పట్టుకుని భర్త దగ్గరికి వెళ్ళింది.

"ఆట ఆగిపోయిందేం?"

"అందులో ఏముందండీ? ఎంత ఆడినా చివర ఏమీ లేదు. మళ్ళీ మొదటికే." ఆమె టీ గిన్నె ఆయన పక్కన పెట్టింది. "రేపు పొద్దున బావగారు వాళ్ళు వస్తారట. ఊరికే, మిమ్మల్ని చూసి పోదామని."

తష్టాన్ ఎదుటి గోడకి వేలాడుతున్న కోటు వైపు చూశాడు.

"రానీ," అన్నాడు. "నేను బాగానే ఉంటాను. వాళ్ళు వచ్చేదాకా ఆ ఆట మాత్రం మోగనీ."

"మీకెందుకండీ దాని మీద అంత ఇది? ఒకప్పుడు ఆ మోత వింటేనే తిట్టేవారుగా!"

ఆయన బాగున్న చేత్తో ఆమె వేళ్ళు పట్టుకున్నాడు.

"ఆడుతున్నంతసేపూ నువ్వు ఏడవవు, బురుల్."