సుద్ద గీత

అక్క వాళ్ళింటి చూరులో గబ్బిలాలున్నాయని కనిపెట్టింది నేనే. గోడ వారగా పడిన రెట్టను వేళ్ళతో నలిపితే పొడిపొడిగా రాలింది. ఎలుకదైతే అలా రాలదు. పగలంతా లోపల వేలాడి, పొద్దుగుంకాక అవి బయటికొచ్చే సందు చుట్టూ సుద్దతో గుండ్రంగా గీశాను. లెక్కపెట్టడానికి మళ్ళీ వచ్చినప్పుడు వెతుక్కోకుండా, గబ్బిలాల లెక్క తీసే మా ఉద్యోగంలో అందరం చేసే పనే అది.

పది రోజుల తర్వాత వచ్చేసరికి గోడకు కొత్త రంగు వేసి ఉంది. మన చెవికందని వాటి కూతలను టకటకమని వినిపించే పరికరం పట్టుకుని పెరట్లో కూర్చున్నాను. చీకటి పడింది. ఒక్కటీ రాలేదు. పరికరం కిక్కురుమనలేదు.

"పోయాయిలేరా, పీడా వదిలింది," అంది అక్క. "లోపలికి రా. ఈ వారం నుంచి దోమలు పీక్కుతింటున్నాయి."

పరికరం ఆపకుండానే ఆమె వెనకాల నడిచాను. మేనకోడలు చెవుల మీద దిండు అదుముకుని పడుకుని ఉంది. ఆ మంచం దాటబోతుంటే పరికరం టకటకలాడింది. చెక్క పైకప్పు వైపు ఎత్తితే రేకుల మీద వాన పడుతున్నట్టు మోగింది.

పిల్ల దిండు తీసింది. "మామయ్యా, నీక్కూడా వినిపిస్తున్నాయా?"

"అక్కా, ఆ సందు ఏం చేశావు?"

"సిమెంటుతో మూయించాను. ఆదివారం మిట్టమధ్యాహ్నం. మేస్త్రీకి వెతుక్కునే పనే లేకపోయింది. నువ్వు గీసి పెట్టావుగా."